అసలు విషయానికి ఎప్పుడొస్తారు స్వామీ!

తెలుగులో చరిత్ర పాడ్‌కాస్ట్ పెడితే చాలు, ముందు యాంకర్ నవ్వులు, తర్వాత సబ్‌స్క్రైబ్ గోల, ఆపైన గెస్ట్ గారి చిన్నతనం, అన్నీ వస్తాయి గానీ విషయం మాత్రం రాదు. తీరా వచ్చాక, ఒక గెస్ట్ అయితే పొట్టి శ్రీరాములు గారు ఆంధ్రప్రదేశ్ కోసం ప్రాణాలిచ్చారని తేల్చేశాడు! ఆయన 58 రోజులు నిరాహార దీక్ష చేసింది మద్రాసు నుంచి విడిపోయే ఆంధ్ర రాష్ట్రం కోసమండీ బాబూ, 1952 డిసెంబరులో పోయారు, కర్నూలు రాజధానిగా ఆ రాష్ట్రం 1953 అక్టోబరు 1న వచ్చింది. తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది 1956లో. యాంకరేమో "వావ్ సార్, గూస్‌బంప్స్" అంటాడు. అంతంత ఖరీదు మైకులు కొన్నారు, ఒక్క సోషల్ పుస్తకం కొనుక్కోలేరా? ఈ ముక్కనే రేపు షార్ట్‌గా కోసి వదుల్తారు, మా బాబాయి ఫ్యామిలీ గ్రూపులో పడేస్తాడు, తేదీలు చెప్పబోతే "నీకన్నా ఆయనకి తెలీదా" అని నాకే క్లాసు.