మధ్యలో ఒక మెట్టు జారిపోయింది

మగ హార్మోను టెస్టోస్టిరాన్ నేరుగా ప్రోస్టేట్‌ను (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథిని) పెంచేస్తుందన్నట్టు రాస్తుంటారు. అలా కాదండీ. గ్రంథిలోనే ఉండే 5-ఆల్ఫా రిడక్టేజ్ ఎంజైము ముందు దాన్ని డీహెచ్‌టీ (డైహైడ్రోటెస్టోస్టిరాన్) అనే ఇంకా బలమైన హార్మోనుగా మారుస్తుంది. కణంలో మగ హార్మోన్లను అందుకునే ప్రోటీనైన ఆండ్రోజెన్ రిసెప్టర్‌ను గట్టిగా పట్టుకునేది ఇదే. హార్మోను తగిలాక రిసెప్టర్ అప్పటిదాకా తనను అంటిపెట్టుకున్న హీట్‌షాక్ ప్రోటీన్లను వదిలించుకుని, మరో రిసెప్టర్‌తో జంటకట్టి, కేంద్రకంలోని డీఎన్‌ఏ మీద కూర్చుంటుంది. అది మేల్కొలిపే జన్యువుల్లో పీఎస్‌ఏ (రక్తపరీక్షలో కొలిచే ప్రోస్టేట్ ప్రోటీను)ది ఒకటి, ఎన్‌కేఎక్స్3.1 అనే ప్రోటీనుది ఇంకొకటి. తమాషా ఏమిటంటే ఈ రెండోది బ్రేకు: కణం అదేపనిగా పెరగకుండా, స్రవించే కణంగా కుదురుకునేలా చూస్తుంది. చాలా ప్రోస్టేట్ క్యాన్సర్లలో 8వ క్రోమోజోము పొట్టి భుజం మీదున్న దీని జన్యువు రెండు కాపీల్లో ఒకటి తొలి దశలోనే పోతుంది. పీ63 అనే ప్రోటీను గ్రంథిలోని అడుగువరస కణాలకు గుర్తు. బయాప్సీ ముక్కలో ఆ వరస కనిపించకపోతే పాథాలజిస్టుకు క్యాన్సరేమోనని అనుమానం వస్తుంది.

పలాస, టెక్కలి నుంచి శ్రీకాకుళం వచ్చి పీఎస్‌ఏకి రక్తం ఇచ్చేవాళ్లు పెరిగిన ప్రోస్టేట్‌కు ఇచ్చే ఫినాస్టిరైడ్ 5 మి.గ్రా. బిళ్ల వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ బిళ్ల పైన చెప్పిన ఎంజైమునే ఆపుతుంది, ఆరు నెలల నుంచి ఏడాదిలో పీఎస్‌ఏ దాదాపు సగానికి దిగుతుంది. అప్పుడు రిపోర్టులో 2.5 ఉంటే దాన్ని 5 అనుకోవాలి. మూత్రం సాఫీగా రావడానికిచ్చే టామ్సులోసిన్ ఒక్కటే అయితే ఈ గొడవ లేదు. కానీ దానికి ఫినాస్టిరైడ్ లాంటిదే అయిన డ్యూటాస్టిరైడ్ కలిపిన బిళ్లలూ ఉన్నాయి, అట్ట మీద రెండో పేరు కూడా చదవండి.