శ్రీ నక్స్ వామికా 200 గారికి, ఒక చిరాకు పేషెంటు రాయునది

మహారాజశ్రీ నక్స్ వామికా 200 గారి దివ్య సముఖమునకు,

ఉభయ కుశలోపరి. ఇక్కడ నేను క్షేమంగా లేను. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని రాద్దామనుకున్నాను గానీ, ఆ హోమియో మందు సీసాలో అసలు మీరు ఉన్నారో లేరో తేలక కలం ఆగిపోయింది.

ఈరోజు మధ్యాహ్నం రెండింటికి రమ్మంటే పది నిమిషాల ముందే వెళ్లి, అయిదూ ఇరవైకి లోపలికి పిలిపించుకున్నాను. మధ్యలో ఆఫీసు కాల్ వస్తే మెట్ల మీద నిలబడి మాట్లాడాను, ఆ కాసేపట్లోనే నా టోకెన్ పిలిచి, లేననుకుని, ఇంకో నలుగురిని పంపేశారు. గోడ మీద హోమియోపతీ కనిపెట్టిన హానిమన్ గారి ఫోటో, పక్కన వెంకటేశ్వరస్వామి, ఇద్దరికీ ఒకే రకం ప్లాస్టిక్ దండ. ఫ్యాను ఉంది, కానీ అది రిసెప్షన్ వైపే చూస్తుంది. సరే, ఇవేవీ మీ తప్పులు కావు.

లోపలికి వెళ్లగానే డాక్టరు గారు (మంచాయనే, నెల క్రితం మిమ్మల్ని ముప్పై పవర్‌లో ఇచ్చింది కూడా ఆయనే) "ఎలా ఉందండీ?" అన్నారు. తేడా ఏమీ లేదండీ, రాత్రి తిన్నది అరగట్లేదు, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోంది అన్నాను. "చిరాకు ఎలా ఉంది?" అన్నారు. మూడున్నర గంటలు బయట కూర్చోబెడితే ఎలా ఉండాలో అలాగే ఉందండీ అన్నాను, కొంచెం గట్టిగానే. ఆయన ముఖం వెలిగిపోయింది. పెన్ను తీసి రాసుకున్నారు. "టిపికల్ నక్స్ అండీ మీరు!"

అంటే నేను కోప్పడితే మీ మందు కరెక్టని రుజువైనట్టు, కోప్పడకపోతే మీ మందు పనిచేసినట్టు. ఈ ఉత్తరం ఆయన చదివినా ఫైల్లో ఇంకో లక్షణంగా రాసుకుంటారు. వాద్యాలు లేకుండా తద్దినం పెట్టినా, వాద్యాలతో పెళ్లి చేసినా దక్షిణ పురోహితుడికే అన్నట్టుంది మీ వ్యవహారం.

మీ మందు సరిపోయే మనిషి వర్ణన నాకిప్పుడు కంఠతా వచ్చు. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, పని టెన్షన్, కాఫీ, మసాలాలు, రాత్రి జాగారం, చీటికీ మాటికీ కోపం, చప్పుడు పడదు, వెలుతురు పడదు, దుప్పటి తీస్తే చలి, పొద్దున్నే బాత్రూంలో ఎంత సేపు కూర్చున్నా ఇంకా ఏదో మిగిలిపోయిందన్న బెంగ. మాదాపూర్‌లో కళ్లు మూసుకుని రాయి విసరండి, వీడికే తగులుతుంది. ఇంతకీ నా గురించి ఏం తెలిసినట్టు?

"పవర్ పెంచుదాం, టూ హండ్రెడ్ ఇస్తాను" అన్నారు. పోయిన నెల ముప్పై పవర్‌కి ఆరు వందల రూపాయలు, ఈ నెల రెండు వందల పవర్‌కి తొమ్మిది వందలు. కౌంటర్లో ఫోన్ పట్టుకుని స్కాన్ చేస్తుంటే రిసెప్షన్ అమ్మాయి కాగితం ఇచ్చింది. మూతలో నాలుగు గోళీలు, చేత్తో ముట్టుకోకూడదు, నాలుక మీద వేసుకుని చప్పరించాలి, ముందూ వెనకా అరగంట ఏమీ తినకూడదు. పచ్చి ఉల్లి, వెల్లుల్లి, ఇంగువ వద్దు. ఆఖర్న ఎర్ర ఇంకుతో, రెండు గీతలు కొట్టి మరీ: కాఫీ పూర్తిగా బంద్. మూడు నెలలు.

కాఫీ దగ్గరే నాకు మండింది.

ఇప్పటికే నెల రోజులుగా మానేశాను. మా ఇంట్లో ఇత్తడి ఫిల్టరు ఒకటుంది, అమ్మ కాపురానికి తెచ్చుకున్నది. రాత్రి పడుకునే ముందు పొడి వేసి, కాడ ఉన్న చిల్లుల రేకుతో నొక్కి, మరిగే నీళ్లు పోసి మూత పెడితే, పొద్దున్నకి కింద గిన్నెలో నల్లగా, చిక్కగా మొదటి డికాషన్ దిగి ఉంటుంది. అది ఇప్పుడు అటక మీద బోర్లించి ఉంది. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లు తాగుతున్నాను. ముఖం చూసి ఆఫీసులో ఒకాయన ఇంట్లో ఎవరికైనా బాగోలేదా అని అడిగాడు. అయినా భరించాను, మందు కదా, పథ్యం కదా అని. ఇప్పుడు చెప్పండి. మీ పుస్తకాల ప్రకారమే, కాఫీ ఎక్కువై వచ్చే జబ్బులకి మందు తమరు. తమరు పనిచేయాలంటే కాఫీ మానాలి. కాఫీ మానితే ఆ జబ్బు ఎలాగూ పోతుంది. మరి మధ్యలో తొమ్మిది వందలు పుచ్చుకుని తమరు చేసేదేమిటి? రేపు నాకు నిజంగానే కాస్త తేలిక పడిందనుకోండి, కాఫీ మానిన నాలుక నాది, పేరు మీది. తేలిక పడకపోతే, "ఎక్కడో కాఫీ వాసన పీల్చి ఉంటారు" అని తప్పు మళ్లీ నాదే.

పోనీ ఈ పథ్యమంతా ఎవరి గౌరవార్థం? పవర్ పెంచడమంటే ఏమిటో ఈ మధ్యాహ్నం ఆ కుర్చీలో కూర్చునే చదువుకున్నాను. మీ అసలు కషాయం ఒక చుక్క, తొంభై తొమ్మిది చుక్కల ఆల్కహాలు, బాగా కుదుపు. అందులోంచి ఒక చుక్క, మళ్లీ తొంభై తొమ్మిది, మళ్లీ కుదుపు. హానిమన్ గారు తోలు అట్ట ఉన్న పుస్తకం మీద కొట్టి కుదపమన్నారు. పన్నెండోసారి దాటితే మీ తాలూకు ఒక్క అణువు మిగలడం కూడా కష్టం. ముప్పై పవర్ అంటే ఇలా ముప్పైసార్లు, మీది ఒక వంతుకి ఒకటి పక్కన అరవై సున్నాలన్ని వంతుల ఆల్కహాలు. భూమ్మీద సముద్రాలన్నిటిలో ఉన్న నీటి అణువులు లెక్కపెడితే దాదాపు నలభై ఏడు అంకెల్లో అయిపోతాయి. రెండు వందలంటే నాలుగు వందల సున్నాలు. ఇంతగా లేకుండా పోయిన వారికి పవర్ పెరిగిందంటారు, రేటూ పెంచుతారు. ముల్లును ముల్లుతోనే తీయాలంటారు, ఒప్పుకుంటాను. ఆ ముల్లేది బాబూ?

ఇక్కడ నా బాధ ఇంకోటుంది. నేను మిమ్మల్ని అడవిలో చూసినవాణ్ని. నాన్నగారి ఉద్యోగం మొదట్లో రంపచోడవరం వైపు. అక్కడ మీకు ఈ లాటిన్ పేరు లేదు, ముష్టి చెట్టు అనేవారు. పండు గుండ్రంగా, నారింజ రంగులో, చిన్న బత్తాయిలా నున్నగా ఉంటుంది. చెట్టు కింద నిలబడి చెయ్యి చాపితే వెనక నుంచి వీపు మీద ఒక్కటి పడింది, అది మా పక్కింటి అవ్వ చెయ్యి. లోపలి గుజ్జు కోతులూ పక్షులూ తింటాయట, గింజ జోలికి పోవట. గింజ కోటు గుండీలా చపటగా, బూడిద రంగులో, పట్టులా మెరిసే సన్నటి నూగుతో ఉండేది. వాటిని ఏరి, ఎండబెట్టి, చింతపండు, కరక్కాయలతో పాటు గిరిజన కార్పొరేషన్ వాళ్లకి అమ్మేవారు. చిల్లగింజ మీ చుట్టమే, అది మురికి నీళ్లని తేరుస్తుంది, మీరు మనుషుల చేత కళ్లు తేలేయిస్తారు. వేమన కూడా ముష్టి, వేప లాంటి చేదు చెట్లు మూలికలకైనా పనికొస్తాయి, దయలేని నీచుడు దేనికీ పనికిరాడు అన్నాడు. మిమ్మల్ని వెనకేసుకొచ్చినవాళ్లలో ఆయనే పెద్దవాడు.

అక్కడ మీకు భయపడటంలో ఒక అర్థం ఉంది. 1818లో పారిస్‌లో పెల్టియే, కావెంతూ అని ఇద్దరు మీ జాతి గింజల్లోంచి స్ట్రిక్నిన్ అనే విషం బయటికి తీశారు. వంద మిల్లీగ్రాముల లోపే మనిషి ప్రాణం తీయగలదు. వెన్నుపాములో నరాలకి ఉండే బ్రేకు తీసేస్తుంది, చిన్న చప్పుడైనా చాలు, ఒళ్లంతా విల్లులా వంగిపోతుంది, అదీ స్పృహ ఉండగానే. ఒకప్పటి ఎలకల మందు తమరే. 1904 ఒలింపిక్స్ మారథాన్‌లో థామస్ హిక్స్ అనే ఆయనకి దారిలో గుడ్డు తెల్లసొన, బ్రాందీతో పాటు స్ట్రిక్నిన్ ఇచ్చి పరుగెత్తించారు, ఆయన గెలిచాడు, గెలిచి చావు తప్పి బయటపడ్డాడు. ఆయుర్వేదం వాళ్లయితే మిమ్మల్ని విషముష్టి అని పేరులోనే హెచ్చరించి, గోమూత్రంలో రోజుల తరబడి నానబెట్టి, ఆవుపాలలో ఉడికించి, తొక్క తీసి, నేతిలో వేయించాక గానీ దగ్గరికి రానివ్వరు. అజీర్ణానికి వాడే అగ్నితుండి వటిలో మీరే పెద్ద వాటా. అందులో మీరు నిజంగా ఉంటారు కాబట్టే వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని సీసా మీద హెచ్చరిక రాయాలని చట్టం. ఆ మర్యాద వేరు. గోమూత్రం పోసినా లొంగని మీరు, తీరా సీసాలోకి వచ్చాక ఒక ఉల్లిపాయ ముక్కకి, కప్పు కాఫీకి చచ్చిపోతారా? సిగ్గుగా లేదూ?

2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఉన్న పరిశోధనలన్నీ వడపోసి, ఏ జబ్బుకైనా హోమియోపతీ పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని చెప్పింది. చెప్తే చెప్పింది, మనవాళ్లు వింటారా? గుడివాడలో 1945 నుంచీ మీకు కాలేజీ ఉంది. రాజమండ్రి కాలేజీకి అల్లు రామలింగయ్య గారి పేరు, ఆయన స్వయంగా హోమియో వైద్యుడు. ఆయన ఇస్తే మాత్రం నేనూ నోరు తెరిచేవాణ్నే అనుకోండి. ఆ నవ్వుకే సగం తగ్గేది.

మా నాన్నగారి దగ్గరా ఒక చెక్కపెట్టె ఉంది. లెక్కల మాస్టారు. సాయంత్రం ట్యూషన్ పిల్లలు వెళ్లాక వరండాలో దాన్ని తెరిస్తే జనం వచ్చేవారు, పైసా తీసుకునేవారు కాదు. చిన్న చిన్న సీసాలు వరసగా, బిరడాల మీద ఆయన గుండ్రటి దస్తూరీ. నాకు ఏడేళ్లప్పుడు మిమ్మల్ని ఒక సీసాడు, ముప్పై పవరే, ఒక్క గుక్కలో తినేశాను, తియ్యగా ఉన్నారని. ముష్టి గింజ సంగతి తెలిసిన అమ్మ గుండెలు బాదుకుంది. నాన్న పేపరు పక్కన పెట్టకుండానే అన్నారు, "ఏం కాదు, ఊరుకో."

మందు మీద అంత నమ్మకం ఉన్న మనిషి, సీసా మొత్తం మింగినా ఏం కాదని అంత ధీమాగా ఎలా అన్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పదో తరగతికి ఘాతాంకాలు చెప్పిన మనిషే. నాన్నా, పది ఘాతం మైనస్ అరవై అంటే ఎంత అని ఒకసారి అడిగాను. "లెక్క వేరు, మందు వేరు రా" అన్నారు.

నాలుగేళ్ల క్రితం ఆయనకి తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చింది. కడుపు పైన బరువు, చిరాకు, ఒళ్లు చల్లబడటం. పుస్తకంలో ఉన్నట్టే. గ్యాస్ అనుకుని నిన్ను వేసుకున్నారు. నాలుగున్నరకి మళ్లీ. ఆరింటికి మళ్లీ. లైటు వేస్తే అమ్మ లేస్తుందని చీకట్లోనే, మంచం అంచున కూర్చుని. ఏడింటికి చొక్కా చెమటకి తడిసిపోయి ఉంటే చూసి అమ్మ నాకు ఫోన్ చేసింది. ఆస్పత్రిలో ఆ కుర్ర డాక్టరు నాలుగు గంటలు ఏం చేశారండీ అని అడిగితే నేను ఏం చెప్పాలి? రెండు స్టెంట్లు వేశారు. పాడైన గుండె కండరం మాత్రం తిరిగి రాదన్నారు. ఇప్పుడు మేడ ఎక్కితే మధ్యలో గోడ పట్టుకుని ఆగుతారు, ఏదో గుర్తొచ్చినట్టు నటిస్తారు.

నువ్వు ఆయన్ని ఏమీ చేయలేదు, తెలుసు, నీకు చేయడానికి ఏముంది గనక. నాలుగు గంటలు ఆ మంచం మీద కూర్చోబెట్టావు. ఏమీ లేని నీ తీపికి, ఏదో ఒకటి వేసుకున్నానన్న ఆ ధైర్యానికి, ఆ నాలుగు గంటలు పోయాయి. ఆ రాత్రి ఇంట్లో నువ్వు లేకపోయుంటే అమ్మని లేపేవారు. నాకు కోపం కాఫీ గురించి కాదేమో కూడా.

ఇప్పుడు ఆయన చొక్కా జేబులో రెండుంటాయి. గుండె నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ స్ట్రిప్, నీ సీసా. రెండూ నాలుక దగ్గరికే వెళ్లేవి. ఏది ముందు వేసుకుంటారు నాన్నా అంటే "ఏది చేతికి తగిలితే అది" అని నవ్వుతారు. స్ట్రిప్‌కి రెండు రబ్బరు బ్యాండ్లు చుట్టి పెట్టాను, చీకట్లో తడిమితే తెలియాలని. నీ సీసా పారేద్దామని రెండుసార్లు చెయ్యి పెట్టాను. రెండుసార్లూ ఆయన జేబు మీద చెయ్యి వేసుకున్నారు, చిన్నపిల్లాడిలా.

ఈ క్లినిక్కి నన్ను తోలింది కూడా ఆయనే. ఇందాక ఫోన్ చేశారు. "వేసుకున్నావా? చేత్తో ముట్టుకోలేదు కదా?" మూతతోనే నాన్నా, నాలుగు. నిజంగానే వేసుకున్నాను. ఏడేళ్లప్పుడు ఎంత తియ్యగా ఉన్నావో అంతే ఉన్నావు, ఆ ఒక్క విషయంలో నీ మీద నాకు ఫిర్యాదు లేదు.

ఫోన్ పెట్టేశాక అటక మీంచి ఫిల్టరు దించి కడిగాను. పొడి వేశాను, నీళ్లు పోశాను. ఘాటైన వాసన తగిలితే నీ శక్తి పోతుందని కాగితంలో ఉంది కాబట్టి నిన్ను తెచ్చి సరిగ్గా ఆ ఫిల్టరు పక్కనే పెట్టాను, మూత తీసి. రాత్రంతా కబుర్లు చెప్పుకోండి. నాకు ఎలాగూ మూడింటికి మెలకువ వస్తుంది, వచ్చి చూస్తాను.

ఇట్లు,
తమ టిపికల్ పేషెంటు