లియోన్ ఎందుకు మాట్లాడలేదు?

గదిలో ఒక బల్ల. బల్ల మీద ఒక ఆటవస్తువు. ఎదురుగా స్నేహంగానే మాట్లాడుతున్న ఒక తెల్లాయన. "దీని గురించి నువ్వు చెప్పగలిగిందంతా చెప్పు" అన్నాడు. న్యూయార్క్‌లోని ఒక బడికి చెందిన ఆ నల్లజాతి పిల్లవాడు 12 సెకన్ల పాటు నోరు విప్పలేదు. "చూస్తే ఎలా ఉంది?" అని మళ్లీ అడిగితే ఇంకో 8 సెకన్ల మౌనం. తర్వాత ఒక్క ముక్క: స్పేస్‌షిప్. మళ్లీ 13 సెకన్లు. అప్పుడు ఇంకో ముక్క: జెట్‌లా ఉంది.

1960లలో అమెరికా విద్యావేత్తలు చాలామంది ఇలాంటి రికార్డులు పెట్టుకుని ఒక తీర్పు ఇచ్చేశారు. పేద నల్లజాతి ఇళ్లలో పిల్లలకు సరైన భాష అందడం లేదు, అందుకే వాళ్లకు చదువు అబ్బడం లేదు అని. దీన్నే లోటు సిద్ధాంతం అంటారు. ఆ పిల్లలకు అసలు భాషే లేదనుకుని మొదటినుంచి మొదలుపెట్టాలని చెప్పినవాళ్లు కూడా ఉన్నారు. 1969లో ఆర్థర్ జెన్సెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకో అడుగు ముందుకేసి, తెలివిలో తేడాలకు పుట్టుకే పెద్ద కారణమనీ, ఈ పిల్లల కోసం పెట్టిన ప్రత్యేక చదువుల కార్యక్రమాలు ఫలించలేదనీ రాశారు. 'భాష లేదు' అన్న మాట ఎంత తొందరగా 'తెలివి లేదు' అన్న మాటగా మారిపోతుందో చూడండి.

ఆ మౌనాన్ని వేరేగా చదివిన మనిషి విలియం లబోవ్. 2024 డిసెంబరు 17న, 97 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. మాటతీరుకూ సమాజానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించే సామాజిక భాషాశాస్త్రానికి పునాది వేసిన మనిషిగా, న్యూయార్క్ డిపార్ట్‌మెంట్ స్టోర్లలో 'ఆర్' శబ్దాన్ని లెక్కపెట్టిన పరిశోధకుడిగా ఆయన గురించి చాలా రాశారు. అదంతా నిజమే. కానీ ఆయన పనిలో మనకు అన్నిటికంటే ఎక్కువ అవసరమైన భాగం స్టోర్లలో దొరకదు. న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెంలో, లియోన్ అనే ఎనిమిదేళ్ల ఇంకో పిల్లవాడి గదిలో, నేల మీద దొరుకుతుంది.

లియోన్‌ని మొదటిసారి ప్రశ్నించినవారు క్లారెన్స్ రాబిన్స్. లబోవ్ బృందంలో మనిషి, నల్లజాతివారు, హార్లెంలోనే పెరిగినవారు. తెల్లవాళ్లను చూసి పిల్లలు బెదురుతున్నారు కాబట్టి నల్లాయన వెళ్తే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. సరిపోలేదు. వీధి గొడవల గురించి అడిగినా 'ఊఁ', 'ఉహూఁ', 'ఏమో' తప్ప లియోన్ నోట ఇంకేం రాలేదు. లోటు సిద్ధాంతం వాళ్లయితే అక్కడే ఫైలు మూసేసేవారు. నల్లాయన అడిగినా చెప్పలేదు కాబట్టి పిల్లవాడిలోనే లోపం ఉందని రాసుకునేవారు.

రెండోసారి రాబిన్స్ బంగాళదుంప చిప్స్ పట్టుకెళ్లారు. లియోన్ ప్రాణస్నేహితుడు గ్రెగరీని వెంటబెట్టుకెళ్లారు. కుర్చీ వదిలి, పిల్లలతో పాటు నేల మీద కూర్చున్నారు. ఆరడుగులు దాటిన మనిషి పిల్లల ఎత్తుకు దిగి వచ్చారు. పెద్దల ముందు అనకూడని మాటలు తనే ముందు అని, ఇక్కడ ఏం మాట్లాడినా తన్నులు పడవని వాళ్లకు అర్థమయ్యేలా చేశారు. అంతే, ఇద్దరు పిల్లలూ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ, పోట్లాడుకుంటూ, నేనంటే నేనని చెప్పడం మొదలుపెట్టారు. మొదటి రోజు ఒక్క పూర్తి వాక్యం రాని నోట్లోంచే ఇంత భాష వచ్చింది.

మారింది పిల్లవాడు కాదు. అడిగే మనిషి ఎంత ఎత్తులో కూర్చున్నాడన్నది మారింది. తన మాటను తనకు వ్యతిరేకంగా వాడతారని తెలిసిన చోట, మాట్లాడకుండా ఉండడమే ఆ వయసు పిల్లలకు తెలిసిన కాపుదల. పరీక్ష ఆ కాపుదలను కొలిచి, భాషను కొలిచానని చెప్పుకుంది. లబోవ్ 1969లో రాసిన ఈ వాదన, 1972లో అట్లాంటిక్ పత్రిక ద్వారా మామూలు పాఠకులకు కూడా చేరింది. పిల్లల పరీక్షల గురించి ఆ తర్వాత చదివిన ఏదీ నన్ను ఇంతగా కదిలించలేదు.

ఈ చూపు ఆయనకు పుస్తకాల నుంచి వచ్చింది కాదు. 1927లో న్యూజెర్సీలోని రూథర్‌ఫర్డ్‌లో పుట్టి, హార్వర్డ్‌లో చదివి, 1961 వరకు పదేళ్లకు పైగా సిరాలు తయారుచేసే రసాయన నిపుణుడిగా పనిచేశారు. ముప్పై దాటాకే భాషాశాస్త్రంలోకి వచ్చారు. అప్పట్లో ఆ రంగంలో చాలామంది పండితులు తమ మనసులో తట్టిన వాక్యాలనే ఉదాహరణలుగా పెట్టుకుని సిద్ధాంతాలు కట్టేవారు. లబోవ్ టేప్ రికార్డరు పట్టుకుని జనంలోకి వెళ్లారు. 1962లో న్యూయార్క్‌లోని మూడు స్టోర్లలో అమ్మకం సిబ్బందిని, నాలుగో అంతస్తులో దొరికే వస్తువు ఎక్కడుందని అడిగారు. 'ఫోర్త్ ఫ్లోర్' అన్న జవాబులో 'ఆర్' పలికారా లేదా అన్నదే ఆయన లెక్క. ఖరీదైన సాక్స్ అనే స్టోరులో 62 శాతం మంది పూర్తిగానో కొంతగానో పలికారు. చవక సరుకు అమ్మే క్లైన్‌లో అలా పలికినవాళ్లు ఐదుగురిలో ఒకరు. ఒక్క శబ్దంలో ఊరి అంతస్తులన్నీ వినబడ్డాయి.

ఇక 'దే మైన్' సంగతి. 'అవి నావి' అనడానికి నల్లజాతి పిల్లలు 'దే ఆర్ మైన్' అనకుండా, మధ్యలో 'ఆర్' అన్న క్రియను వదిలేసి 'దే మైన్' అంటారు. లోటు సిద్ధాంతం వాళ్లకు ఇది తర్కం లేని మాటగా కనిపించింది. క్రియ లేదు కాబట్టి ఆలోచన కూడా పూర్తి కాలేదన్నారు. ఇప్పుడు మన భాషకి రండి. 'అవి నావి.' 'ఆయన మా మేనమామ.' 'ఇది మా ఊరు.' వీటిలో క్రియ ఎక్కడుంది? లేదు, అక్కర్లేదు. 2011 జనగణన ప్రకారం మన దేశంలో 8 కోట్లకు పైగా మనుషుల మాతృభాష తెలుగు. ఆ పండితుల కొలబద్ద నిజమైతే మనమందరం, మన శతకకారులతో సహా, తర్కం తెలియనివాళ్లం కావాలి.

లబోవ్ ఈ వాదనను కోపంతో కొట్టిపారేయలేదు, లెక్కతో ఓడించారు. మామూలు ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు 'హి ఈజ్'ని 'హీజ్' అని కుదిస్తారు. ఎక్కడెక్కడ అలా కుదించడానికి వీలుందో అక్కడే హార్లెం పిల్లలు ఆ మాటను పూర్తిగా వదిలేస్తున్నారు. ఎక్కడ కుదించడం కుదరదో అక్కడ వీళ్లూ వదలరు. 'ఎస్, హి ఈజ్' అన్నప్పుడు చివరి మాటను ఎవరూ కుదించలేరు, హార్లెం పిల్లలూ అక్కడ దాన్ని వదలరు. ఎవరూ నేర్పకుండానే ఇంత సూక్ష్మమైన సూత్రాన్ని పాటిస్తున్న పిల్లలకు వ్యాకరణం లేదని ఎలా అంటారు? అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు దీన్ని ఒకసారి ఆలోచించాలని నా కోరిక. మన యాసను ఎవరైనా వెక్కిరిస్తే బాధపడతాం, ఆక్సెంట్ మార్చుకోవడానికి ట్రైనింగ్‌లు తీసుకుంటాం. నల్లజాతి పిల్లల ఇంగ్లిష్ విని మాత్రం అది తప్పుల తడక అని మన పిల్లలకు చెబుతాం.

లబోవ్ గొప్పతనం వ్యాసం దగ్గర ఆగలేదు. మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ పేరు పెట్టుకున్న ఒక ప్రాథమిక పాఠశాలలో కొందరు పేద నల్లజాతి పిల్లలు చదవడంలో వెనకబడ్డారు. బడి వాళ్లను నేర్చుకోలేని పిల్లలుగా లెక్కకట్టింది. తల్లులు కోర్టుకెక్కారు. జెనీవా స్మిదర్‌మన్ అనే నల్లజాతి పండితురాలు ఆ కేసులో నిపుణులందరినీ కూడగట్టారు, లబోవ్ కూడా సాక్ష్యం చెప్పారు. 1979 జులైలో న్యాయమూర్తి చార్లెస్ జాయినర్ 11 మంది పిల్లల పక్షాన తీర్పు ఇచ్చారు. పిల్లల ఇంటి భాష దానంతట అది అడ్డంకి కాదనీ, టీచర్లు తమకు తెలియకుండానే ఆ భాషను చిన్నచూపు చూసినప్పుడు అడ్డంకి పుడుతుందనీ ఆ తీర్పు సారాంశం. ఆ భాషను గుర్తించి, చదువు నేర్పేటప్పుడు ఆ జ్ఞానాన్ని వాడేలా టీచర్లకు సాయం చేయమని అక్కడి విద్యామండలిని ఆదేశించారు.

ఆ కేసు తర్వాత లబోవ్ ఒక సూత్రం రాశారు. ఒక సమాజం నుంచి భాషా సమాచారం తీసుకున్న పరిశోధకుడు ఆ సమాజానికి రుణపడి ఉంటాడు, వాళ్లకు అవసరం వచ్చినప్పుడు ఆ జ్ఞానంతో వాళ్ల పక్షాన నిలబడాలి. ఈ రుణం అన్న మాట మన విశ్వవిద్యాలయాల్లో ఎంతమందికి గుర్తుంది? గూడేల్లో, తండాల్లో, వాడల్లో పాటలూ సామెతలూ కథలూ రికార్డు చేసుకొచ్చి పట్టాలు పుచ్చుకున్నవాళ్లు వేలమంది. ఆ గూడెం పిల్లలు బడి మానేస్తుంటే తిరిగి వెళ్లినవాళ్లు ఎంతమంది?

లబోవ్ మీద ఒక పాత అభ్యంతరం ఉంది. ఇంటి భాషను ఇలా నెత్తిన పెట్టుకుంటే పిల్లలు అక్కడే ఉండిపోతారు, ఉద్యోగం కావాలంటే ప్రమాణ భాష రావాలి కదా అని. నల్లజాతి నాయకుల్లోనూ ఈ భయం ఉంది. 1996లో కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ విద్యామండలి నల్లజాతి ఇంగ్లిష్‌ను గుర్తిస్తూ తీర్మానం చేసినప్పుడు జెస్సీ జాక్సన్ మొదట గట్టిగా వ్యతిరేకించారు, తర్వాత అభిప్రాయం మార్చుకున్నారు. తల్లిదండ్రుల భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ ప్రమాణ భాష నేర్పొద్దని లబోవ్ ఎప్పుడూ అనలేదు. 1997లో అమెరికా సెనేట్ కమిటీ ముందు ఆయన చెప్పింది కూడా చదువు నేర్పే దారి గురించే. పిల్లలు ఎక్కడున్నారో తెలిస్తేనే వాళ్లను ముందుకు నడిపించగలం. జీవితంలో చివరి దశాబ్దాల్లో పిల్లలకు చదవడం నేర్పే పాఠాల తయారీకే ఆయన చాలా సమయం ఇచ్చారు.

న్యూయార్క్‌కి 'ఆర్' ఎలాంటిదో మనకు 'చ' అలాంటిది. చేప, సేప. చెట్టు, సెట్టు. చెప్పాను, సెప్పాను. నోట్లోంచి 'స' రాగానే వినేవాడు ఎదుటి మనిషి ఊరు, కులం, చదువు, జేబులో డబ్బు, అన్నీ ఒక్క క్షణంలో లెక్కగట్టేస్తాడు. నేను శ్రీకాకుళం వైపు ఒక పల్లె బడిలో చదివాను. ఆరో తరగతిలో నా పక్కన కూర్చునే కుర్రాడిది చేపల వేటకెళ్లే కుటుంబం. ఒకరోజు క్లాసులో చేపల పేర్లు చెప్పమన్నారు. వాడు లేచి "సందువ" అన్నాడు. క్లాసంతా నవ్వింది. "చందువ అనరా" అని ఐదుసార్లు అనిపించారు. వాడి నాలుక చివర ఇంకా కోనాం ఉంది, కవళ్లు ఉన్నాయి, మాకు ఎవరికీ తెలియని పేర్లు ఇరవై ఉన్నాయి. అవేవీ బయటికి రాలేదు. ఆ ఏడాదంతా వాడు క్లాసులో మళ్లీ నోరు విప్పిన గుర్తు నాకు లేదు. పిరికివాడని, మొద్దని అన్నారు. ఆ నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. లియోన్ గురించి చదివిన రోజు ముందుగా గుర్తొచ్చింది వాడే.

తెలంగాణలో 'నేను వచ్చిన' అన్న పిల్లవాడికి 'వచ్చాను అనాలి' అని ఎర్రసిరాతో దిద్దిన తరాలు గడిచాయి. బడిపలుకుల భాష వేరు, పలుకుబడుల భాష వేరు అని కాళోజీ అంత సూటిగా చెప్పాల్సి వచ్చింది అందుకే. రాష్ట్రం వచ్చాక సినిమాల్లో హీరోలకు ఆ యాస దక్కింది, సంతోషం. ఉత్తరాంధ్ర పలుకుకు, సీమ పలుకుకు ఇంకా వెక్కిరింతో, వేటకొడవలో తప్ప పెద్దగా దక్కిందేమీ లేదు. కోయ, గోండి, సవర ఇళ్ల నుంచి వచ్చే పిల్లల సంగతి ఇంకా కష్టం. తెలుగు బడి వాళ్లకు ఒకసారి నోరు మూయిస్తుంది, ఇంగ్లిష్ మీడియం ఇంకోసారి. మీడియం ఏది ఉండాలని ఏళ్ల తరబడి కొట్టుకుంటున్నాం. ఏ మీడియంలో అయినా ఆ పిల్ల లేచి నిలబడి తన మాట తాను చెప్పగలుగుతోందా అని మాత్రం అడగడం లేదు.

రుణం తీర్చుకోవడం ఎలాగో చూపించినవాడు మనకూ ఒకరున్నారు. లబోవ్ పుట్టడానికి ముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర నేర్చుకున్నారు. నేర్చుకుని పుస్తకం రాసి ఊరుకోలేదు. సవర పిల్లల కోసం వాళ్ల భాషలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బు సవర బడులకే ఖర్చుపెట్టమన్నారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ప్రతి ఏటా తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. వేదికల మీద ఆయన వాడుక భాష పోరాటం వినిపిస్తుంది, సవర బడి అంతగా వినిపించదు.

ఆన్ ఆర్బర్ న్యాయమూర్తి ఆదేశించిన పని మన దగ్గర కోర్టు దాకా వెళ్లకుండానే చేయవచ్చు. డి.ఎడ్., బి.ఎడ్. చదివేవాళ్లు తాము పనిచేయబోయే జిల్లా పలుకును ఒక సబ్జెక్టుగా చదవాలి. పాడేరులో, ఉట్నూరులో పోస్టింగ్ వచ్చిన టీచరుకు అక్కడి పిల్లల ఇంటి భాష కనీసం ఆరు నెలలు నేర్పాలి, జీతంతో. ఒకటో తరగతి పిల్లలకు పెట్టే పఠన పరీక్షలో, పిల్ల చదివింది తప్పా లేక తన ఇంటి ఉచ్చారణలో ఒప్పుగానే చదివిందా అన్న తేడా మార్కులు వేసే టీచరుకు తెలియాలి. 'చేప' అన్న అక్షరాలు చూసి 'సేప' అన్న పిల్లకు చదవడం వచ్చినట్టే. ఆ పిల్లకు పూర్తి మార్కులు వేయాలి.