పెద్ద విమానం వెనక టేకాఫ్: నోటినోటా తిరుగుతున్న ఆ ఆరు మాటలూ ప్రమాదకరం

పెద్ద విమానం వెళ్ళిన వెంటనే టేకాఫ్ చేయాల్సి వస్తే దాని వెనక గాలిలో మిగిలే అలజడికి (వేక్ టర్బ్యులెన్స్) చిన్న విమానాల పైలట్లు ఊరికే టెన్షన్ పడుతున్నారని ఒక వాదన బాగా ప్రచారంలో ఉంది. దాని సారాంశం ఇది: ముప్పంతా జెట్ ఇంజన్ల గాలి, అది నిమిషంలో చెదిరిపోతుంది. చిన్న విమానం ఎలాగూ ముందే నేల వదులుతుంది కాబట్టి పెద్ద విమానం దారికి పైనే ఉంటుంది. గాలి వీచని రోజైతే సమస్యే లేదు. జంబో జెట్ల వెనక తప్ప జాగ్రత్త అక్కర్లేదు. ఏదైనా ఉంటే కంట్రోల్ టవర్ వాళ్ళు చూసుకుంటారు.

ఇందులో అక్కడక్కడా కాస్త నిజం కలిసి ఉంది. అందుకే వినగానే సబబుగా అనిపిస్తుంది. శిక్షణలో ఉన్నవాళ్ళు దీన్ని నమ్మితే ప్రాణాల మీదికి వస్తుంది కాబట్టి ఒక్కో మాటకూ జవాబు చెప్పాల్సిందే.

"ముప్పంతా ఇంజన్ల గాలి."

కాదు. జెట్ వెనక నిలబడితే ఇంజన్ గాలి కూడా ప్రమాదమే, కానీ అది వేరే సంగతి. వేక్ టర్బ్యులెన్స్ పుట్టేది రెక్కల వల్ల. రెక్క కింద పీడనం ఎక్కువ, పైన తక్కువ. కింది గాలి రెక్క కొస దగ్గర పైకి మళ్ళుతుంది. అలా రెండు కొసల నుంచి, ఒకదానికొకటి ఎదురు దిశలో తిరిగే రెండు సుడులు వెనక్కి సాగుతాయి. ఇంజనే లేని గ్లైడర్ వెనక కూడా ఇవి ఉంటాయి. టేకాఫ్‌కు పరుగు మొదలైనప్పుడే ఇంజన్లు దాదాపు పూర్తి శక్తితో పనిచేస్తుంటాయి, అయినా అప్పటికి సుడులు ఉండవు. పైలట్ ముక్కు చక్రాన్ని పైకెత్తి, రెక్కలు విమానం బరువు మోయడం మొదలుపెట్టాకే అవి పుడతాయి. బరువు పెరిగేకొద్దీ, వేగం తగ్గేకొద్దీ వాటి బలం పెరుగుతుంది. నిండా ఇంధనంతో, తక్కువ వేగంతో పైకి లేచే విమానం విషయంలో ఈ రెండూ కలుస్తాయి. కొన్ని సుడుల్లో గాలి తిరిగే వేగం సెకనుకు 300 అడుగులు దాటినట్టు కొలతల్లో నమోదైంది.

"నిమిషంలో చెదిరిపోతుంది."

ఒక నిమిషం చాలనే నియమం ఎక్కడిదో తెలియదు గానీ, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాల్లో అయితే లేదు. విమానాలను బరువును బట్టి హెవీ, మీడియం, లైట్ తరగతులుగా చూస్తారు. ఒకే రన్‌వే మీద హెవీ తరగతి విమానం వెనక, అలాగే మీడియం వెనక, లైట్ విమానం టేకాఫ్ చేయాలంటే కనీసం 2 నిమిషాల ఎడం ఉండాలి. అతిపెద్ద ప్రయాణికుల విమానం ఎయిర్‌బస్ ఎ380 వెనక అయితే 3 నిమిషాలు. అవి కూడా కనీస గడువులే. గాలి కదలిక లేనప్పుడు సుడులు అంతకన్నా ఎక్కువసేపు నిలవగలవు.

"చిన్న విమానం ముందే లేస్తుంది, కాబట్టి పైనే ఉంటుంది."

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. ఎందుకంటే మొదటి సగం నిజం. పెద్ద విమానం ముక్కు ఎత్తిన చోటుకు ముందే నేల వదలమని పైలట్లకు నేర్పిస్తారు. రెండో సగం మాత్రం లెక్కకు నిలవదు.

సెస్నా 172 లాంటి చిన్న విమానం 75 నాట్ల (గంటకు సుమారు 139 కిలోమీటర్ల) వేగంతో నిమిషానికి 700 అడుగులు ఎక్కుతోందనుకుందాం. అంటే ఒక కిలోమీటరు ముందుకు వెళ్ళేసరికి దాదాపు 90 మీటర్ల ఎత్తు. జెట్ 160 నాట్లతో నిమిషానికి 2,500 అడుగులు ఎక్కుతోందనుకుంటే, అదే కిలోమీటరులో 150 మీటర్లు పైకి వెళ్తుంది. సెస్నా ఒక కిలోమీటరు ముందే నేల వదిలినా, జెట్ లేచిన చోటు దాటాక సుమారు కిలోమీటరున్నరకే రెండు దారులూ కలిసిపోతాయి. అక్కడి నుంచి సెస్నా జెట్ దారికి కింద ఉంటుంది. సుడులు దిగేది కిందికే. నిమిషానికి కొన్ని వందల అడుగుల చొప్పున దిగుతూ పోతాయి. అందుకే ముందే లేవడం ఒక్కటే సరిపోదు. వీలైనంత త్వరగా, అనుమతి తీసుకుని, గాలి వచ్చే వైపుకు తిరిగి ఆ దారి నుంచి తప్పుకోవాలి. అది కుదరకపోతే ఆగాలి.

సుడులు ఎంత కిందికి దిగి కూడా దెబ్బ తీయగలవో 2017 జనవరిలో అరేబియా సముద్రం మీద తెలిసింది. తనకు 1,000 అడుగుల పైన ఎ380 దాటి వెళ్ళిన కాసేపటికే ఒక చాలెంజర్ 604 బిజినెస్ జెట్ పల్టీలు కొట్టి, సుమారు 9,000 అడుగుల ఎత్తు కోల్పోయాక గానీ అదుపులోకి రాలేదు. దానికి అంత ఎత్తు ఉంది కాబట్టి నిలదొక్కుకుంది. టేకాఫ్ అయిన చిన్న విమానానికి అప్పటికి ఉండేది 200 అడుగులో 300 అడుగులో. పైగా దాని రెక్కలు పొట్టివి కాబట్టి మొత్తం విమానమే సుడిలో ఇరుక్కుంటుంది. పైలట్ కంట్రోల్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పినా సుడి తిప్పే వేగమే ఎక్కువ కావచ్చు.

రన్‌వే మొదటి నుంచి కాకుండా మధ్యలో కలిసే ట్యాక్సీవే (విమానాలు రన్‌వేకు చేరే దారి) దగ్గర నుంచి పరుగు మొదలుపెడితే, ముందే లేచే ఆ కాస్త వెసులుబాటూ పోతుంది. అలాంటప్పుడు 2 నిమిషాల గడువును 3 నిమిషాలకు పెంచింది అందుకే. సమయం కలిసొస్తుందని మధ్య నుంచి టేకాఫ్‌కు ఒప్పుకునేవాళ్ళు దయచేసి ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

"గాలి వీచని రోజు సమస్యే లేదు."

నిజం దీనికి తలకిందులు. బలమైన గాలి సుడులను చెదరగొడుతుంది, ప్రశాంతమైన గాలి వాటిని నిలబెడుతుంది. నేల దగ్గరికి వచ్చాక సుడులు రెండూ 2, 3 నాట్ల వేగంతో చెరో పక్కకు జరుగుతాయి. 1 నుంచి 5 నాట్ల చిన్న పక్కగాలి ఉంటే, గాలి వచ్చే వైపు సుడి పక్కకు పోలేక రన్‌వే మీదే ఉండిపోవచ్చు. రెండోది పక్కనున్న రన్‌వే మీదికి కొట్టుకుపోవచ్చు. సమాంతర రన్‌వేల మధ్య దూరం 760 మీటర్ల కన్నా తక్కువైతే ఒకే రన్‌వేకు వర్తించే గడువులే పాటించాలన్న నియమం ఉన్నది దీనివల్లే.

"జంబో జెట్ల వెనకే జాగ్రత్త."

1993 డిసెంబరులో అమెరికాలోని శాంటా ఆనా దగ్గర బోయింగ్ 757 వెనక దిగుతున్న వెస్ట్‌విండ్ బిజినెస్ జెట్ కూలి ఐదుగురు చనిపోయారు. 757 బరువు హెవీ తరగతి హద్దు అయిన 136 టన్నుల కన్నా తక్కువే. ఇంకా చిన్న ఉదాహరణ కావాలంటే 2012లో జర్మనీలోని బాక్‌నాంగ్ ఎయిర్‌ఫీల్డ్‌లో జరిగింది చూడండి. ఆంటొనోవ్ ఆన్-2 వెళ్ళిన కాసేపటికే టేకాఫ్ చేసిన రాబిన్ డిఆర్400 అనే చిన్న విమానం పక్కకు ఒరిగి కూలిపోయింది. ఆ ఆన్-2 గరిష్ఠ బరువు 5,500 కిలోలే. 7,000 కిలోల వరకూ లైట్ తరగతే కాబట్టి, కాగితం మీద రెండూ ఒకే తరగతి విమానాలు! లైట్ వెనక లైట్‌కు నిర్ణీత గడువేమీ లేదు. తన విమానానికి ఎన్నో రెట్లు బరువున్నది ఏది ముందు వెళ్ళినా పైలట్ తనకు తానుగా ఆగాలి. నేల దగ్గర నిలిచి ఎగిరే పెద్ద హెలికాప్టర్ విషయంలోనూ అంతే.

"టవర్ చూసుకుంటుంది."

టవర్ ఉన్న చోట కంట్రోలర్లు గడువు పాటిస్తారు, నిజమే. కానీ చిన్న విమానాలు తిరిగే ఎన్నో ఎయిర్‌ఫీల్డ్‌లకు టవరే ఉండదు. ఉన్నా, సుడులు కంట్రోలర్‌కు కూడా కనిపించవు. ముందు విమానం ముక్కు ఎక్కడ ఎత్తిందో, పక్కగాలి ఎటు ఉందో, తన విమానం ఎంత మెల్లగా ఎక్కుతుందో కలిపి చూసుకోగలిగేది కాక్‌పిట్‌లో ఉన్న పైలటే. టవర్ క్లియరెన్స్ (అనుమతి) ఇచ్చిందంటే ఎగరవచ్చని అర్థం, ఎగిరి తీరాలని కాదు. ఇంకాస్త ఆగాలనిపిస్తే రన్‌వే మీదికి వెళ్ళకముందే "వేక్ టర్బ్యులెన్స్ కోసం ఇంకో రెండు నిమిషాలు ఆగుతాం" అని రేడియోలో చెబితే చాలు. వెనక విమానాలు వరసలో ఉన్నా సరే.