గంజి చొక్కా, పెళ్లిచూపులు

మా బాబాయికి గంజి చొక్కా అంటే పిచ్చి. అదీ మామూలు గంజి కాదు, హ్యాంగర్ తీసేసినా చొక్కా దానంతటదే నిలబడి "ఏటి సంగతులు" అని మనల్ని పలకరించేలా ఉండాలి. ఊరంతా కుక్కర్లో వండుకుంటుంటే మా పిన్ని ఈయన చొక్కాల కోసం గిన్నెలో అన్నం వండి గంజి వారుస్తుంది, పాపం.

మొన్న జూన్‌లో మా తమ్ముడికి పెళ్లిచూపులు. మహారాణిపేట నుంచి ఎంవీపీ కాలనీకి ఆటో మాట్లాడదాం అంటే వద్దురా, బీచ్ రోడ్డు మీంచి బండి మీద పోదాం గాలి తగుల్తుంది అన్నాడు బాబాయి. తగిలింది. సబ్‌మెరైన్ మ్యూజియం దాటేసరికి కాలర్ వాలిపోయింది, అప్పూఘర్ దగ్గరికొచ్చేసరికి వీపు మొత్తం ముడతలే. మన వైజాగ్ గాల్లో 70–80 శాతం తేమ మామూలే కదా, చెమటే ఆరని ఊళ్లో గంజేం ఆగుతుంది?

చిత్రమేంటంటే అన్నీ వాలిపోయినా జేబు మాత్రం చొక్కాకి అతుక్కుని అలాగే ఉంది. అమ్మాయి నాన్నగారు జాతకం కాగితం ఇస్తే ఈయన మాట్లాడుతూ మాట్లాడుతూ జేబులో పెట్టబోయాడు, వెళ్లదు. వేలు దూర్చాడు, దూరదు. గుండె నొప్పేమో అనుకుని అమ్మాయి వాళ్లమ్మగారు గబగబా ఫ్యాన్ స్పీడు పెంచారు.

అమ్మాయి ఏయూలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అట. నవ్వు ఆపుకుంటూ గ్లాసుతో నీళ్లు తెచ్చింది. "అంకుల్, గంజీ గ్లూకోజ్ గొలుసులే, నూలూ గ్లూకోజ్ గొలుసులే. రెండింటి నిండా ఓహెచ్‌లు, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు, ఉంటాయి, అవి హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. కాస్త తడి చేయండి, వదిలేస్తాయి" అంది. ఈ బంధం బస్సులో పక్క సీటు పరిచయం లాంటిదట, అణువు లోపలి ఓహెచ్ బంధంతో పోలిస్తే దాదాపు ఇరవయ్యో వంతు బలమే. నీటికీ ఓహెచ్‌లు ఉన్నాయి కాబట్టి మధ్యలో దూరి విడదీస్తుంది, అప్పుడు గొలుసులు జారి ఎక్కడ ఆరితే అక్కడే మళ్లీ పట్టుకుంటాయి, అదే ముడత. ఇస్త్రీ చేసేవాళ్లు ముందు నీళ్లు చిలకరించేదీ అందుకే, విడగొట్టి, సాపు చేసి, వేడితో ఆరబెట్టేస్తారు. టెరిలిన్‌లో, అంటే పాలిస్టర్‌లో, ఈ ఓహెచ్‌ల గొడవ దాదాపు లేదు కాబట్టి అంతగా నలగదు అని కూడా చెప్పింది. పిన్ని బాబాయి వైపు ఓ చూపు చూసింది. ముప్పై ఏళ్లుగా ఆవిడ టెరికాటన్ కొనుక్కోమనే చెప్తోంది మరి.

బాబాయి సగం గ్లాసు గుండెల మీద పోసుకున్నాడు. జేబు ఊడింది, నిజమే. కానీ తెల్లచొక్కా తడిసి అద్దంలా అయిపోయి లోపల బనీను, దాని చిల్లుతో సహా, అందరికీ దర్శనమిచ్చింది.

సంబంధం సంగతి ఇంకా తేలలేదు గానీ బాబాయికి మాత్రం కెమిస్ట్రీ ఎక్కింది. మర్నాడే సందు చివర ఇస్త్రీ బండి దగ్గరికెళ్లి "ఓహెచ్‌లు సరిగ్గా పట్టించట్లేదయ్యా నువ్వు" అని తగులుకున్నాడు. ఆయన బొగ్గులు ఊదుకుంటూ తలెత్తకుండానే, "చొక్కాకి పదే తీసుకుంటన్నాను బాబూ, ఓహెచ్‌లు కూడా ఎయ్యమంటే ఇంకో ఐదు అవుద్ది" అన్నాడు.