ఇల్లు గిటారుది, పెత్తనం బాకాది

హెవీ మెటల్ ఇంట్లో గిటారు యజమాని, తక్కినవన్నీ అద్దెకున్న వాద్యాలు అని లోకం అమాయకంగా నమ్ముతుండేది. 1986లో స్వీడన్ బృందం ‘యూరప్’ తన మూడో ఆల్బమ్ ‘ది ఫైనల్ కౌంట్‌డౌన్’తో ఆ మూఢనమ్మకాన్ని రూపుమాపింది.

ఆల్బమ్ పేరే పెట్టుకున్న మొదటి పాట మొదలవగానే బాకాలు. నిజం బాకాలు కావు. రోలాండ్ జేఎక్స్-8పీ అనే సింథసైజర్ (రకరకాల ధ్వనులను కరెంటుతో పుట్టించే వాద్యం, ముద్దుగా సింథ్) ఇత్తడి ధ్వని మీద యమహా టీఎక్స్816ను అద్ది చేసినవి. టీఎక్స్816 అంటే ఒకే పెట్టెలో ఎనిమిది యమహా డీఎక్స్7 సింథ్‌ల ఉమ్మడి కాపురం. ఇక అరుపులకు కొదవేముంటుంది? ఆ బాణీని గాయకుడు జోయి టెంపెస్ట్ 80ల తొలినాళ్లలోనే కట్టాడు, అదీ కీబోర్డు వాయించే మిక్ మికేలి దగ్గర అరువు తెచ్చుకున్న కోర్గ్ పాలీసిక్స్ సింథ్ మీద. గిటారుకు ఖాళీ చెయ్యమని నోటీసు అప్పుడే తయారైందన్నమాట.

మరి గిటారిస్టు జాన్ నోరమ్ ఏం చేస్తున్నట్టు? డ్రమ్ములు గుర్రపు దౌడు తీస్తుంటే బుద్ధిగా వెంట నడుస్తున్నాడు. డిస్టార్షన్ గిటారు (ధ్వనిని కావాలనే గరగరలాడించేది), ఇత్తడి సింథ్, గాయకుడి గొంతు మూడూ ఇరుక్కునేది మరీ బొంగురూ మరీ కీచూ కాని ఒకే మధ్యస్థాయి బల్ల మీద. డిస్టార్షన్ గిటారు ధ్వనిలోని ఎత్తుపల్లాలను చదును చేసేస్తుంది. సింథ్ మాత్రం ప్రతి స్వరాన్నీ మొదట్లోనే గట్టిగా కొడుతుంది. ధ్వని స్థాయిలను విడివిడిగా పెంచే, తగ్గించే ఈక్వలైజర్‌లో మధ్య మీటలు పైకి తోసి గిటారును లేవనెత్తుదామంటే బాకా కూడా తయారై లేస్తుంది. రెండో పల్లవి దాటి గిటారు ఒక్కటే ముందుకొచ్చి వాయించే సోలో వచ్చేదాకా ఓపిక పట్టాల్సిందే. ఆ సోలోను మాత్రం వెక్కిరించడానికి మనసొప్పదు. నోటితో పాడుకోవచ్చు, అంత పొందిక.

ఇక ఖగోళశాస్త్రం. పాటలో ప్రయాణం శుక్రగ్రహానికి. దారిలో ఇంకా ఎన్నో కాంతి సంవత్సరాలు మిగిలి ఉన్నాయట. శుక్రుడు బాగా దగ్గరికొచ్చినప్పుడు మనకు సుమారు 4 కోట్ల కిలోమీటర్లు. కాంతికి రెండు నిమిషాల పైచిలుకు పని. పాట నిడివి 5 నిమిషాల 11 సెకన్లు. అంటే పాటతో పాటే బయల్దేరిన కాంతి శుక్రుణ్ణి తాకి తిరిగొచ్చినా టెంపెస్ట్ ఇంకా పాడుతూనే ఉంటాడు. కౌంట్‌డౌన్ అన్నారే గానీ, పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్కపెట్టిన పాపానా పోలేదు.

అదే ఆల్బమ్‌లోని ‘క్యారీ’ పాట గురించి చెప్పాలంటే, అది కీబోర్డు మీద కన్నీళ్లు. అమెరికాలో మూడో స్థానానికి చేరిన ఆ పాటలో మెటల్ ఎంతో తూచాలంటే కంసాలి త్రాసు కావాలి. ‘రాక్ ద నైట్’లో గిటారుకు కాసేపు కుర్చీ దొరికింది. కాసేపే.

ఆల్బమ్ ప్రపంచమంతా మోగుతుండగా, 1986 చివర్లో నోరమ్ బృందాన్ని వదిలేశాడు. గిటార్లను కీబోర్డులు మింగేస్తున్నాయన్నది ఆయన ఫిర్యాదు. కీ మార్సెల్లో అనే గిటారిస్టు ఆ కుర్చీలోకి వచ్చాడు. నోరమ్ తిరిగొచ్చాక, 2004 నాటి ‘స్టార్ట్ ఫ్రమ్ ద డార్క్’ ఆల్బమ్‌లో గిటార్లు బరువెక్కాయి, కీబోర్డు ఒక మూలకు సర్దుకుంది. అయినా యూరప్ కచేరీకి వచ్చిన జనం ఎదురుచూసేది దేనికోసం? బాకా కోసమే.