కంప్యూటర్‌లో ఉన్నవన్నీ తుడిచేసే ఫార్మాట్ అన్న మాట రిపేరు షాపులవాళ్లు అంత తేలిగ్గా ఎలా అంటారు?

నాలుగు రోజులుగా ఇదే కోపం, రాసేస్తే గానీ తగ్గేలా లేదు.

కడపలో ఏడు రోడ్ల దగ్గర మా చిన్నాయనకు డీటీపీ షాపు ఉంది. ఉండేది ఒక్కటే కంప్యూటర్. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కదా, 11కి మారదామని రాత్రి షాపు మూసే ముందు అప్‌డేట్ పెట్టాడు. సగం దాటాక కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. పొద్దున స్విచ్ వేస్తే లోగో వస్తుంది, కింద చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, ఆరిపోతుంది, మళ్లీ లోగో.

రిపేరు షాపుకు తీసుకెళ్తే అతను రెండు నిమిషాలు చూసి "ఫార్మాట్ కొట్టాల్సిందేనన్నా, ఆరు వందలవుతుంది" అన్నాడట. లోపల ఏమన్నా ఉన్నాయా అని ఒక్క మాట అడగలేదు! మరుసటి రోజు మూడు పెళ్లి పత్రికలు ఇవ్వాలి, ఆ టెన్షన్‌లో చిన్నాయన సరేననబోయాడు. అదే సమయానికి నేను ఫోన్ చేశాను కాబట్టి సరిపోయింది.

లోపల ఏమున్నాయో చెప్తాను. పత్రికలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన పదకొండేళ్ల ఫైళ్లు, అన్నీ అను అనే తెలుగు ఫాంట్లలో కొట్టినవి. అక్క పెళ్లికి వేయించుకున్నవాళ్లు తమ్ముడి పెళ్లికి వచ్చి "అదే మోడల్, పేర్లు మార్చు చాలు" అంటారు. పాత ఫైలు తెరిస్తే గోత్రం, తాతల పేర్లు, బంధువుల వరుస అన్నీ ఉంటాయి, ఈ మధ్యలో పోయినవాళ్ల పేరు ముందు కీ.శే. చేర్చడమే. ఆరు వందలకు తుడిచేస్తానన్నది దాన్ని.

అప్‌డేట్ మధ్యలో ఆగితే మామూలుగా పాడయ్యేది విండోస్ సొంత ఫైళ్లు. మనం దాచుకున్నవి డిస్కులో ఉన్నచోటే ఉంటాయి. డిస్కే పోతే అది వేరే కథ, ఇక్కడ అది పోలేదు.

సాయంత్రం నేనే వెళ్లి కూర్చున్నాను. లోగో రాగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపాను, అలా రెండు మూడు సార్లు చేస్తే విండోస్ రిపేరు స్క్రీన్ దానంతటదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్. ఆ నల్ల కిటికీలో నోట్‌ప్యాడ్ అని టైపు చేసి ఎంటర్ కొట్టాను. నోట్‌ప్యాడ్‌లో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ఆల్ ఫైల్స్ అని మారిస్తే డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. సీ డ్రైవ్ అక్కడ వేరే అక్షరంతో కనపడొచ్చు, కంగారు పడొద్దు. "పత్రికలు" ఫోల్డర్ కనిపించగానే చిన్నాయన కుర్చీ దగ్గరికి లాక్కుని "ఉన్నాయా అబ్బీ, అన్నీ ఉన్నాయా?" అని మూడు సార్లు అడిగాడు. రైట్ క్లిక్ చేసి కాపీ, పెన్‌డ్రైవ్‌లో పేస్ట్. కాపీ ఎంతవరకు వచ్చిందో అక్కడ సరిగ్గా చూపించదు, ఓపిగ్గా కూర్చోవాలి.

ఆ తర్వాతే రిపేరు. అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఉన్న స్టార్టప్ రిపేర్ పని చేయలేదు. అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌లో ఫీచర్ అప్‌డేట్, అంటే 11కి మార్చే ఆ పెద్ద అప్‌డేట్ తీసేయమంటే ముప్పావుగంట తిరిగి పాత విండోస్ 10 వచ్చింది, పేజ్‌మేకర్‌తో సహా. అది కూడా కుదరకపోయినా దారుంది. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ వేసుకుని, పార్టిషన్‌ను, అంటే డిస్కులో విండోస్ ఉన్న భాగాన్ని ఫార్మాట్ చేయకుండా దానిమీదే ఇన్‌స్టాల్ చేస్తే పాత యూజర్ ఫైళ్లు విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి వెళ్తాయి. సాఫ్ట్‌వేర్లు మళ్లీ వేసుకోవాలి, అంతే. ఇవన్నీ రిపేరు చేసేవాళ్లకు తెలియనివి కావు! రోజుకు ఎన్నో మిషన్లు వస్తాయి, ఫార్మాట్ అయితే త్వరగా తెములుతుంది, ఆ ఇబ్బంది నాకూ అర్థమవుతుంది. కానీ కాపీకి ఇంకో మూడు వందలు అడగండి, సంతోషంగా ఇస్తాం. అడగకుండా తుడిచేయడం మాత్రం ఘోరం.

కొత్త ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోండి. వాటిలో చాలావాటికి ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనిదే ఫైళ్లు చదవనివ్వని తాళం, దానంతటదే ఆన్ అయి ఉంటుంది. ఇలాంటప్పుడు ఆ తాళం తెరిచే 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఇప్పుడే తెరిచి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆ కీ లేకపోతే నేను చెప్పిన నోట్‌ప్యాడ్ దారి కూడా మూసుకుపోతుంది.

నిన్న చిన్నాయన యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించాడు, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కూడా కొన్నాడు. ఇది రాస్తున్నప్పుడు 2016 ఫోల్డర్ కాపీ అవుతోంది.